ఫ్లింట్‌స్టోన్స్ చివర ఆ తిరిగే నక్షత్రం ఏంటి?

పర్లాకిమిడి_పాతటేపులు
ఇంట్లో అటక సర్దుతుంటే వీసీఆర్ క్యాసెట్లు దొరికాయి, కేబుల్లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చే కొత్తలో మా అన్నయ్య రికార్డ్ చేసినవి. ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్ సిరీస్ అయిపోగానే నల్లటి తెర మీద రంగుల వెలుగు గిర్రున తిరిగి నక్షత్రంలా నిలబడుతుంది, కింద హన్నా-బార్బెరా అని దాన్ని తీసిన కంపెనీ పేరు పడుతుంది. అది చూసి అన్నయ్య ఇది ఎనభైల్లో తీసిందే అని పందెం. నేను 1960 అంటున్నాను. ఎవరిది కరెక్ట్? ఇంకోటి, బరంపురంలో ఇవి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే అతను చివర్లో వచ్చే ఇలాంటివన్నీ కట్ చేసేస్తానంటున్నాడు. సరేననమంటారా?

గుణుపురం_గుంటడు
పందెం నీదే గురూ. సిరీస్ 1960 నుంచి 1966 దాకా అమెరికాలో ఏబీసీలో వచ్చింది. నక్షత్రం 1979లో పుట్టింది. పాత సిరీస్‌లను మళ్లీ టీవీలకి అమ్మేటప్పుడు చివరనున్న గుర్తు తీసేసి అప్పుడు నడుస్తున్న గుర్తు తగిలించేవారు, పాత సినిమా పోస్టర్ మీదే కొత్తది అంటించేసినట్టు. అంచేత దాన్నిబట్టి సిరీస్ వయసు తెలీదు, ఆ ప్రింట్ వయసు తెలుస్తుంది. పేరు కింద చిన్న అక్షరాలుంటాయి, అక్కడ ఆపి చూడు. టాఫ్ట్ అనుంటే అప్పటి ఓనరు టాఫ్ట్ కంపెనీ. 1991లో హన్నా-బార్బెరా కంపెనీ టర్నర్ అనే టీవీ కంపెనీ చేతికి వెళ్లింది.
కట్ మాత్రం చేయించకు!!

రాయగడ_రిమోట్
అసలు మొదట్లో ఫ్లింట్‌స్టోన్స్ చివర స్క్రీన్ జెమ్స్ గుర్తు ఉండేది. కొలంబియా వాళ్ల టీవీ కంపెనీ అది, 1974లో ఆ పేరు మార్చి కొలంబియా పిక్చర్స్ టెలివిజన్ చేశారు. వాళ్లది 1965 నాటి ఎస్ అక్షరం గుర్తు ఒకటుంది, ఎరిక్ సిడే సింథసైజర్ మీద కట్టిన ట్యూన్‌తో. చిన్నపిల్లలు ఆ సౌండ్‌కి జడుసుకునేవారట, అందుకే దానికి అక్కడ నరకం ఎస్ అని పేరు పడింది. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో విని చెప్పండి.

కొరాపుట్_కార్టూన్
మరి టామ్ అండ్ జెర్రీలో కూడా హన్నా, బార్బెరా ఇద్దరి పేర్లే పడతాయి కదా, అందులో నక్షత్రం చూసిన గుర్తు లేదే?

గుణుపురం_గుంటడు
ఎందుకుంటుంది, అప్పటికి వాళ్లు ఎంజీఎం అనే సినిమా కంపెనీలో జీతగాళ్లు. అందుకే వాళ్ల సింహం గుర్తు పడుతుంది. 1957లో ఎంజీఎం కార్టూన్ డిపార్ట్‌మెంట్ మూసేస్తే బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదీ 2001లో వార్నర్ వాళ్లలో కలిసిపోయింది, హన్నా చనిపోయిన ఏడాదే.

పర్లాకిమిడి_పాతటేపులు
ఆపి చూశాను. టేప్ వణుకుతోంది గానీ టాఫ్ట్ అని కనబడుతోంది. ఇప్పుడు అన్నయ్య, ప్రింట్ ఎనభైలదేగా, పందెంలో సగం నాదే అంటున్నాడు. బరంపురం అతనికి ఫోన్ చేసి ఒక్క సెకను కూడా తీయొద్దని చెప్పాను. మొత్తం ఎక్కించాలంటే క్యాసెట్‌కి ఇంకో యాభై ఇమ్మంటున్నాడు, రాయగడ వైపు ఈ పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?