కూర్చుంటే మంట: ప్యూడెండల్ నరానికి ఆపరేషన్ చేయించుకోవాలా, ఆగాలా?

బెజవాడ క్యాషియర్:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, బ్యాంకులో క్యాష్ కౌంటర్ పని. రెండేళ్లుగా ఎడమ వైపు మలద్వారం నుంచి వృషణాల దాకా ఒకటే మంట. కూర్చున్న పది నిమిషాలకే మొదలవుతుంది, లేచి నిలబడితే తగ్గుతుంది. మొదట మొలలన్నారు. తర్వాత ప్రోస్టేట్ అని ఆరు వారాలు యాంటీబయాటిక్స్ వాడించారు. చివరికి ఒక పెయిన్ డాక్టర్ గారు ప్యూడెండల్ నరం (మలద్వారం, జననాంగాల చుట్టూ స్పర్శను మోసే నరం) దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఐదు గంటలు ఏ బాధా లేదు. ఆ సాయంత్రం మా పాపతో కలిసి కింద కూర్చుని అన్నం తిన్నాను. రాత్రికి మళ్లీ మామూలే. నరం నొక్కుకుపోయింది, ఆపరేషన్ చేసి విడిపించాలని సర్జన్ గారు వచ్చే నెల డేట్ ఇచ్చారు. ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

కాకినాడ అక్క:
చేయించుకో తమ్ముడూ. రెండో కాన్పు తర్వాత నాకూ ఇదే వచ్చింది. నాలుగేళ్లు నిలబడే అన్నం తిన్నాను. ఎక్కడ నొప్పి అని అడిగితే అత్తగారికి కూడా చెప్పుకోలేని చోటు. పిరుదు వైపు నుంచి తెరిచి, ఎముకలను కలిపి పట్టుకునే రెండు లిగమెంట్ల మధ్య నలుగుతున్న నరాన్ని విడిపించారు. అయితే ఒకటి ముందే తెలుసుకో. కుట్లు విప్పగానే నొప్పి పోదు. మొదటి మూడు నెలలు నాకు ఎక్కువే అయింది, అనవసరంగా కోయించుకున్నానని ఏడ్చాను. ఆరో నెల నుంచి తేడా తెలిసింది. పదిలో ఎనిమిది ఉండే నొప్పి ఇప్పుడు మూడు. మూడుతో బతకొచ్చు.

వరంగల్ ఫిజియో:
అక్కకు తగ్గినందుకు నిజంగా సంతోషం. కానీ క్యాషియర్ గారూ, పెల్విక్ ఫ్లోర్ కండరాలను, అంటే కటి అడుగున ఉండే కండరాలను, ఎవరైనా పరీక్షించారా? మీరు ఆ మాటే రాయలేదు. ఆ కండరాలు బిగుసుకుపోయినా ఇలాంటి మంటే వస్తుంది. వాటిని వదులు చేయడం నేర్పే ఫిజియోథెరపీ కొన్ని నెలలు చేయకుండా కత్తి దాకా వెళ్లడం తొందరపాటే అంటాను.

హైదరాబాద్ మత్తు డాక్టర్:
ఈ ఇంజెక్షన్లు నేనూ ఇస్తాను కాబట్టి ఒక పొరపాటు సరిచేయాలి. బ్లాక్‌తో, అంటే ఈ మత్తు ఇంజెక్షన్‌తో, నొప్పి తగ్గితే నరం నొక్కుకుపోయినట్టే అనుకోకూడదు. ఆ నరం మోసుకెళ్లే నొప్పి ఏదైనా, అసలు కారణం మరెక్కడున్నా, మత్తు ఇస్తే తగ్గుతుంది.

2008లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరం పేరుతో ఐదు ప్రమాణాలు వచ్చాయి. నొప్పి ఆ నరం పరిధిలోనే ఉండాలి, కూర్చుంటే పెరగాలి, రాత్రి నిద్రలోంచి లేపకూడదు, పరీక్షలో స్పర్శ పోయి ఉండకూడదు, బ్లాక్‌తో తగ్గాలి. ఈ ఐదూ ఉండాలి. మీరు చెప్పినవాటిలో మూడు కనిపిస్తున్నాయి. మిగతా రెండు?

ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కాదు. అదే నాంత్‌లో రోజర్ రొబేర్ బృందం 2005లో 32 మందితో చేసిన అధ్యయనం ఉంది. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవాళ్లలో 71.4 శాతం మెరుగయ్యారు, కానివాళ్లలో 13.3 శాతం. తేడా పెద్దదే. కానీ ఎవరికి ఆపరేషన్ అయిందో రోగులకు తెలుసు, మనిషికి నమ్మకం కూడా పని చేస్తుంది. పైగా వాళ్లు జల్లెడపట్టి ఎంచుకున్న రోగులు. ఆ అంకెను ప్రతి నడుము కింది నొప్పికీ అంటించలేం.

బెజవాడ క్యాషియర్:
స్పర్శ బాగానే ఉందన్నారు డాక్టర్ గారూ. కానీ రాత్రి నొప్పితో లేస్తున్నాను. వారంలో నాలుగైదు సార్లు. మూడు గంటలప్పుడు లేచి హాల్లో తిరుగుతాను. ఇది ముఖ్యమని తెలియక సర్జన్ గారికి చెప్పలేదు.

హైదరాబాద్ మత్తు డాక్టర్:
చాలా ముఖ్యం. పడుకుంటే నరం మీద ఒత్తిడి తగ్గి నొప్పి తగ్గాలి. నిద్రలోంచి లేపుతోందంటే వేరే కారణం వెతకాలి. నడుము కింది భాగానికీ, పెల్విస్‌కీ (కటి భాగానికీ) ఎంఆర్‌ఐ తీశారా? ఆ నరం త్రికాస్థి (వెన్నెముక కింది చివర ఉండే ఎముక) దగ్గర 2, 3, 4 నరాల వేర్ల నుంచి వస్తుంది. అక్కడ తిత్తి గానీ గడ్డ గానీ ఉంటే కింద లిగమెంట్ కోసి లాభం లేదు.

కాకినాడ అక్క:
నాకు రాత్రిళ్లు నొప్పి ఉండేది కాదు. పడుకుంటే హాయి, కమోడ్ మీద కూర్చున్నా పెద్దగా తెలిసేది కాదు. కాబట్టి తమ్ముడూ, నా మాట నీకు సరిపోకపోవచ్చు. ఎంఆర్‌ఐ తీయించు. కానీ డాక్టర్ గారూ, ఫిజియో గారూ, ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనే మాటతోనే నా నాలుగేళ్లు పోయాయి. నా చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకోలేదు. ఆగమంటే ఎన్నాళ్లో కూడా చెప్పండి.

వరంగల్ ఫిజియో:
మీరన్నది న్యాయం అక్కా. ఎంఆర్‌ఐలో ఏమీ లేకపోతే మూడు నెలలు. వారానికోసారి ఫిజియో, మధ్యలో ఖాళీ ఉన్న కుషన్, గంట గంటకూ లేవడం. అప్పటికీ ఏ మార్పూ లేకపోతే నేనే ఇంకోసారి సర్జన్ గారిని కలవమంటాను.

బెజవాడ క్యాషియర్:
రేపు పొద్దున్నే సర్జన్ గారికి ఫోన్ చేసి రాత్రి నొప్పి సంగతి చెప్తాను, డేట్ వాయిదా వేయమంటాను. ఎంఆర్‌ఐ శనివారానికి దొరికింది. రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.