వికారాబాద్ వైపు కయాకింగ్, మౌంటెన్ బైకింగ్: ఏ నెలలో ఏది? పంక్చర్లకు ఏం చేయాలి?

చందానగర్_సైకిల్

నమస్తే అందరికీ. నలుగురు దోస్తులం కలిసి ఈ ఏడాది వికారాబాద్ వైపు వీకెండ్లు ప్లాన్ చేసుకుంటున్నాం. ఇద్దరికి హార్డ్‌టెయిల్ (ముందు ఫోర్కులో మాత్రమే షాక్ ఉన్న) బైకులున్నాయి, 29 అంగుళాల చక్రాలు, ట్యూబులతోనే నడుపుతున్నాం. ఇంకో ఇద్దరు కొనబోతున్నారు. కయాకింగ్ ఇప్పటిదాకా కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర అద్దె కయాక్‌లతోనే. ఇప్పుడు ఇద్దరేసి కూర్చునే గాలి కయాక్‌లు రెండు కొందామని ఉంది, డిక్కీలో పట్టేస్తాయి కాబట్టి.

మా ప్లాన్: పొద్దున్నే అనంతగిరి చుట్టుపక్కల బైకింగ్, ఎండెక్కాక నీళ్లలోకి. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ఇలాగే నడిపిద్దాం అనుకున్నాం. ఇది కుదిరే పనేనా? ఏ నెలలో ఏది మానేయాలి? పంక్చర్లు మాత్రం ప్రాణం తీస్తున్నాయి, ట్యూబ్‌లెస్‌కి మారితే తగ్గుతాయా? గాలి కయాక్ కొనేముందు ఏం చూడాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మొరం_దారి

ప్లాన్‌లో రెండు మార్చాలి తమ్ముడూ: వరస, నెలలు.

ముందు వరస సంగతి. ప్రాజెక్టు నీళ్లు తెల్లవారిన రెండు మూడు గంటలే నిలకడగా ఉంటాయి. నేల వేడెక్కేకొద్దీ గాలి లేస్తుంది. గాలి కయాక్ తేలిక, పైగా నీళ్లపైన ఎత్తుగా తేలుతుంది, కాబట్టి గాలి దాన్ని ఎటంటే అటు తోసుకుపోతుంది. అందుకే నీళ్లు ముందు, సైకిల్ తర్వాత. నవంబరు నుంచి జనవరి దాకా పొద్దున పదింటికి బైకెక్కినా చెట్ల నీడలో హాయిగానే ఉంటుంది. ఫిబ్రవరి చివరి నుంచి రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, ఒకటి పూర్తయ్యేసరికే ఎండ మాడ్చేస్తుంది.

ఇక నెలలు. ఇక్కడ నిర్ణయించేది వాన కన్నా నేల. అనంతగిరి గుట్టల మీద ఎర్రమట్టి, మొరం. వాన వెలిసిన మర్నాడే దారి గట్టిపడుతుంది, నీళ్లు ఇంకిపోతాయి. కిందికి దిగి తాండూరు వైపు కంది చేల మధ్యకు వెళ్తే నల్లరేగడి. అది తడిసిందంటే బైకు వంద మీటర్లు కూడా నడవదు. టైరుకు, ఫోర్కుకు మధ్య ఉన్న సందులో మట్టి గట్టిగా కూరుకుపోతుంది, వెనక చెయిన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము కడ్డీల) దగ్గర ఇంకా ఘోరం. అప్పుడు బలంగా తొక్కారా, మట్టి, గడ్డి చుట్టుకున్న డీరెయిలర్ (గేర్లు మార్చే భాగం) చక్రం స్పోకుల్లోకి లాగబడి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, అంటే హ్యాంగర్, విరుగుతుంది. తోసుకుపోదామన్నా చక్రం తిరగదు. అక్కడే ఆగి, పుల్లతో మట్టి గీకేసి, బైకును భుజానికెత్తుకుని రాళ్ల దారి దాకా మోయడమే మార్గం. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి బ్యాగులో తప్పకుండా ఉంచుకోండి. ఒక ఫ్రేముది ఇంకో ఫ్రేముకు పట్టదు, దారిలో ఏ షాపులోనూ దొరకదు.

కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎర్రమట్టి దారులు మాత్రమే, అదీ వాన వెలిసిన మర్నాడు. తడి దారి మీద లోతుగా గాళ్లు పడితే ఆ గాళ్లే నీటికి కాలవలై దారి మొత్తం కోసుకుపోతుంది, కాబట్టి టైరు ముద్ర ఒక అంగుళం దిగుతుంటే వెనక్కి తిరగండి. పూర్తిగా ముసురు పట్టిన వారాల్లో కాళ్ల అలవాటు తప్పకుండా ఉండాలంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, చందానగర్ నుంచి దగ్గరే.

నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకు వెనక్కి పోతాయి. ప్రాజెక్టు నిండుగా ఉండేదీ అప్పుడే, దారులు ఆరేదీ అప్పుడే. రెండూ కలిసొచ్చే కాలం అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా. మీ పెద్ద ప్లాన్లన్నీ అందులో పెట్టుకోండి. ఏప్రిల్, మేలలో నీళ్లు తగ్గి ఒడ్డున మోకాటి లోతు బురద తేలుతుంది, మునిగిన మొద్దులు నీటి మట్టానికి కాస్త కిందే ఉంటాయి. గాలి కయాక్‌కు అంతకన్నా శత్రువు లేదు.

ఎండిన మొరం గురించి ఒక మాట. గట్టి నేల మీద ఆ చిన్న గుండ్రటి రాళ్లు గోళీల్లా దొర్లుతాయి. మలుపులో ముందు బ్రేకు పట్టుకుంటే ముందు చక్రం జారుతుంది, లేచే టైము కూడా ఉండదు. వేగం మలుపుకు ముందే, బైకు నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకోవాలి. మలుపులో బ్రేకు వదిలేసి బైకును వంచండి, ఒంటిని మాత్రం నిటారుగా ఉంచండి.

అనంతగిరిది రిజర్వు ఫారెస్టు. బండి బాటలు వదిలి కొత్త దారులు చేయొద్దు, లోపలికి వెళ్లేముందు ఫారెస్టు సిబ్బందిని అడిగి వెళ్లండి.

తెడ్డు_తీరం

కయాక్ సంగతి నేను చెప్తాను.

గాలి కయాక్‌లలో రెండు రకాలు. ఒకటి పూర్తిగా పీవీసీ గొట్టాలది, పక్క గొట్టాల్లో 2.5 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కించేది. ఇంకోటి డ్రాప్‌స్టిచ్ అడుగుది, లోపల వేల దారాలతో రెండు పొరల్ని కలిపి కుడతారు కాబట్టి అడుగు చెక్కలా గట్టిగా ఉంటుంది, 6 నుంచి 10 పీఎస్‌ఐ తట్టుకుంటుంది. ఇద్దరు కూర్చునేదైతే డ్రాప్‌స్టిచ్ అడుగుదే తీసుకోండి. మొదటి రకంలో ఇద్దరి బరువుకు మధ్యలో అడుగు కుంగి, తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు అటూ ఇటూ తిరుగుతుంది. ఏది కొన్నా అసలు ఒత్తిడి వాల్వు దగ్గర ముద్రించి ఉంటుంది, అదే ప్రమాణం. గేజ్ లేని పంపు వాడొద్దు.

ఎక్కువమంది పాడుచేసుకునేది ఒడ్డున. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 2.5 పీఎస్‌ఐ కొట్టి, గంట తర్వాత ఎండలో ఒడ్డున వదిలేశారనుకోండి. నల్ల రంగు గొట్టంలో గాలి 55 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు 4 పీఎస్‌ఐ అవుతుంది. అతుకులు ఊడేది అక్కడే. టిఫినుకు ఆగినా సరే నీడలో పెట్టండి, లేదా ప్రతి అరలోంచీ కాస్త గాలి వదలండి. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: ఎండలో గాలి నింపి చల్లటి నీళ్లలో దించితే మెత్తబడుతుంది. దించాక పది నిమిషాలు ఆగి గేజ్ చూసి, తగ్గింది మళ్లీ నింపండి.

తెడ్డు 230 నుంచి 240 సెంటీమీటర్లది తీసుకోండి. అద్దె కయాక్‌ల దగ్గర ఇచ్చే 220ది ఈ వెడల్పు పడవకు పొట్టి, వేళ్లు పక్క గొట్టానికి రాసుకుని తోలు లేస్తుంది.

లైఫ్ జాకెట్ మీద తేలే బలం ఈత బాగా వచ్చినవాళ్లకు కనీసం 50 న్యూటన్లు, ఈత అంతంతే అయితే 100 అని రాసి ఉండాలి, బరువు శ్రేణి మీకు సరిపోవాలి. పక్క పట్టీలు బిగించాక దోస్తుతో భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో అది తల మీంచి ఊడిపోతుంది. ఈత వచ్చినా సరే, జాకెట్ వేసుకున్నాకే గట్టు దిగాలి. జిప్పుకు ఒక విజిల్ కట్టుకోండి.

కట్ట ఉన్న ఏ ప్రాజెక్టులోనైనా తూముకు, అలుగుకు దూరంగా ఉండండి. కాలవకు నీళ్లు వదిలే రోజుల్లో తూము దగ్గర పైన నీళ్లు ప్రశాంతంగానే కనిపిస్తాయి, లాగుడంతా అడుగున ఉంటుంది. అలుగు పారుతుంటే ఆ రోజు కయాక్ దించడం మానేయండి.

నీటి మీద ఖాళీ ప్లాస్టిక్ సీసాలో, థర్మోకోల్ ముక్కలో వరసగా తేలుతుంటే అది వల. గాలి కయాక్ అడుగున ఉండే ఫిన్ (చిన్న రెక్క) నేరుగా అందులో చిక్కుకుంటుంది. చుట్టూ తిరిగి వెళ్లండి. చిక్కుకుంటే ముందుకు తెడ్డేయొద్దు, వెనక్కి తెడ్డేసి వచ్చిన దారినే బయటికి రండి. వల కోయొద్దు, అది ఒకరి బతుకుదెరువు. గుర్రపు డెక్క పేరుకున్న చోట కూడా అంతే, ఫిన్‌కు వేర్లు చుట్టుకుంటే పడవ తిరగదు.

గాలికి ఎదురుగా బయల్దేరి గాలివాటున తిరిగి రావాలి. అలసిపోయేది తిరుగుప్రయాణంలో కాబట్టి. అలల తలల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపించడం మొదలైతే వెంటనే ఒడ్డు పట్టండి. ఉరుము వినిపిస్తే, ఎంత దూరమైనా సరే, నీళ్లలోంచి బయటికి వచ్చేయాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ దిగొద్దు. మన దగ్గర ఈ ముప్పు ఏప్రిల్, మేల సాయంత్రాల్లో ఎక్కువ.

పల్లేరు_నేల

పంక్చర్ల గురించి ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి నేను రాస్తున్నా.

ట్యూబ్ పారేసేముందు రంధ్రం ఎక్కడుందో చూడండి, కారణం అక్కడే తెలుస్తుంది. టైరు వైపు సూదిపోటంత ఒకే రంధ్రమైతే ముల్లు. పక్కపక్కనే రెండు గీతల్లా కోసుకుపోతే గాలి తక్కువై, రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నొక్కుకుపోయింది. లోపలి వైపు, రిమ్ము పక్కన ఉంటే రిమ్ టేపు జరిగింది. మూడింటికీ మందు వేరు. ముల్లు అయితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల నూలు గుడ్డతో చుట్టూ తుడవండి, ముల్లు మొన ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. వేళ్లతో తడమొద్దు, కోసుకుంటాయి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ఒకే రైడులో రెండో పంక్చరు పడుతుంది.

మీ దారుల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ రెండూ ఉన్నాయి. పల్లేరుకు ట్యూబ్‌లెస్ మంచి పరిష్కారం, టైరు లోపల పోసే సీలెంట్ అనే ద్రవం రంధ్రాన్ని క్షణాల్లో మూసేస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు పొడుగు, లోతుగా దిగి పెద్ద రంధ్రం చేస్తే సీలెంట్ ఆపలేదు. అందుకే ట్యూబ్‌లెస్ అయినా ఒక ట్యూబు, ప్లగ్గుల కిట్టు బ్యాగులో ఉండాలి. అవసరం పడి లోపల ట్యూబు వేయాల్సి వస్తే, అప్పటిదాకా సీలెంట్ మూసేసిన ముళ్లన్నీ టైరులోనే ఉంటాయని మరవొద్దు. అవన్నీ పీకాకే ట్యూబు వేయాలి. మామూలుగా నడుస్తున్నప్పుడు మాత్రం గుచ్చుకున్న ముల్లును పీకొద్దు. పీకాల్సి వస్తే ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పీకండి, సీలెంట్ అక్కడే నిలిచి ఉంటుంది.

2.3 అంగుళాల టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ పోయండి. ఎండాకాలం మన దగ్గర అది తొందరగా గడ్డకడుతుంది. ఆరు వారాలకోసారి చక్రం విప్పి చెవి దగ్గర ఊపండి, నీళ్ల చప్పుడు రాకపోతే 60 మిల్లీలీటర్లు మళ్లీ పోయండి. 65 నుంచి 70 కిలోల మనిషికి ముందు 21, వెనక 24 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. ట్యూబుతో అదే టైరుకు 28 నుంచి 30 కావాలి, అంతకన్నా తక్కువైతే ఆ రెండు గీతల పంక్చరు ఖాయం. గట్టిపడిన మొరం మీద 30 పీఎస్‌ఐతో పట్టు ఎంత పోతుందో, ట్యూబ్‌లెస్ వేసుకున్న మొదటి గంటలోనే తెలుస్తుంది.

కొత్తగా కొనే ఇద్దరూ రిమ్ము మీద "ట్యూబ్‌లెస్ రెడీ" అని ఉందో లేదో చూసి కొనండి. ఫోర్కు 100 లేదా 120 మిల్లీమీటర్లు, హైడ్రాలిక్ డిస్కులు చాలు. రోటరు (చక్రానికున్న బ్రేకు డిస్కు) మీద "రెజిన్ ప్యాడ్లు మాత్రమే" అని రాసి ఉంటే వానాకాలంలో ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, మొరం బురద వాటిని సానరాయి పెట్టి అరగదీసినట్టే. మెటల్ ప్యాడ్లు పట్టే రోటరు ఉన్నది తీసుకోండి. చెయిన్‌కు ఎండలో వ్యాక్స్, వానలో వెట్ లూబ్ (చిక్కటి నూనె). ఎండలో వెట్ లూబ్ వేస్తే దుమ్మంతా అంటుకుంటుంది. ఇంటికొచ్చాక ప్రెషర్ వాషర్‌తో హబ్బులు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) మీద కొట్టొద్దు, బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది.

చందానగర్_సైకిల్

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. వరస మార్చేస్తున్నాం, నీళ్లు ముందు. ఇంకో రెండు డౌట్లు. నలుగురిలో ఇద్దరికి ఈత అంతంతే. ఇద్దరు కూర్చున్న గాలి కయాక్ బోల్తా పడితే మళ్లీ ఎక్కడం ఎలా? ఒకే రోజు కయాక్‌లు, బైకులు కలిపి కారులో ఎలా తీసుకెళ్లాలి?

తెడ్డు_తీరం

ఈత అంతంతే ఉన్నవాళ్లు ముందు నడుం లోతు నీళ్లలో, ఒడ్డు పక్కన, ఇది కనీసం ఐదారు సార్లు చేసి చూడాలి. ఈత బాగా వచ్చినవారితో కలిపి ఒక్కో పడవలో కూర్చోబెట్టండి, ఇద్దరు రానివాళ్లను ఒకే పడవలో వద్దు.

పక్క హ్యాండిల్‌కు ముందే 3 మీటర్ల తాడు కట్టి ఉంచండి. పడవ తలకిందులైతే ఆ తాడును అడుగు మీంచి అవతలి నుంచి ఇవతలికి వేసుకుని, ఇవతలి గొట్టం మీద మోకాళ్లు ఆనించి వెనక్కి వాలండి, తిరగబడుతుంది. తర్వాత ఒకరు అవతలి పక్కన పట్టుకుని బరువు వేయాలి, రెండోవారు ఇవతలి నుంచి ఎక్కాలి. చేతులతో పైకి లాక్కోవద్దు. ముందు కాళ్లు నీటి మీదికి తేలేలా తన్నండి, ఒళ్లు అడ్డంగా వచ్చాక పొట్ట పడవ మీదికి జారించండి, అప్పుడు తిరిగి కూర్చుని చివరగా కాళ్లు లోపలికి. పైన ఉన్నవారు ఇప్పుడు ఇవతలికి వాలి బరువు వేస్తే నీళ్లలో మిగిలినవారు అవతలి నుంచి ఎక్కుతారు. తెడ్లు తాడుతో కట్టి ఉండాలి, లేకపోతే ఈలోపే అవి దూరంగా పోతాయి. ఎక్కలేకపోతే పడవ వదలొద్దు, పట్టుకుని విజిల్ ఊదండి.

మొరం_దారి

కారు సంగతి: కయాక్‌లు డిక్కీలో, బైకులు వెనక ర్యాకు మీద. ర్యాకు నంబరు ప్లేటునూ లైట్లనూ కప్పేస్తే చలానా పడుతుంది, రెండూ కనిపించేలా అమర్చుకోండి. పెడళ్లు పక్క బైకు ఫ్రేముకు తగలకుండా ఒక పెడల్ విప్పేయండి. గుర్తుంచుకోండి, ఎడమ పెడల్‌కు మరలు ఉల్టా.

తిరిగొచ్చాక కయాక్‌ను తడిగా మడిచి పెట్టొద్దు. ఆ రాత్రే గాలి సగం నింపి నీడలో నిలబెట్టి, అడుగున ఇసుక దులిపి, వాల్వుల దగ్గర గుడ్డతో తుడిచి, మర్నాడు ఆరాక మడవండి. ఇసుక మడతలో ఉండిపోతే అది పొరను అరగదీసేది సరిగ్గా ఆ మడత దగ్గరే.