ఒంగోలు నుంచి నెల్లూరు సైకిల్ మీద: హైవేనా, సముద్రం పక్క రోడ్లా?

ఒంగోలు రైడర్:
సంక్రాంతి తర్వాత నలుగురం ఒక్క రోజులో ఒంగోలు నుంచి నెల్లూరు తొక్కాలనుకుంటున్నాం. హైవే మీద సుమారు 120 కిలోమీటర్లు. ఇద్దరు హైవేనే అంటున్నారు. మిగతా ఇద్దరికీ పాకల, రామాయపట్నం, తుమ్మలపెంట వైపు పోవాలని ఉంది. గ్రూపులో ఒకమ్మాయికి ఇంత దూరం ఇదే మొదటిసారి. ఏది మంచిది?

సింగరాయకొండ:
హైవేనే. ఇక్కడ తీరం వెంట తెగకుండా పోయే రోడ్డు లేదు. మూసి, పాలేరు, మన్నేరు సముద్రంలో కలిసే చోట్ల దారి ఆగిపోతుంది, వంతెన కోసం మళ్లీ పడమరకు రావాల్సిందే. మధ్యలో బకింగ్‌హామ్ కాలువ ఒకటి. బ్రెవేల్లో, అంటే టైము లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో, 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు, అంటే ఆగడాలన్నీ కలుపుకుని గంటకు 15. కొత్తవాళ్లు ఆ లెక్కన తొక్కినా హైవే మీద ఎనిమిది గంటలు. దానికి పాకల, తుమ్మలపెంట కలిపితే నెల్లూరు చేరేసరికి చీకటి పడుతుంది. హైవే మీద ఏదైనా అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే మనిషి వస్తాడు. బంకుల్లో బాత్రూములు ఉంటాయి. మొదటిసారి వచ్చే అమ్మాయికి అది చిన్న విషయం కాదు.

కావలి:
అన్నా, మూసి, మన్నేరు సంగతి మీరు చెప్పింది నిజమే. కానీ హైవే అంటే భద్రం అన్న మాట నేను ఒప్పుకోను. ఆరు లైన్ల రోడ్డులో మనకు దక్కేది ఎడమ అంచు. ఆ అంచునే లారీలు ఆపి డ్రైవర్లు నిద్రపోతుంటారు. ఆగిన ప్రతి లారీ దగ్గరా మనం వెనక్కి చూసుకుంటూ లైన్లోకి రావాలి. అదే అంచున ఎదురు బైకులు. 1033 దెబ్బ తగిలాక పనికొచ్చేది, తగలకుండా ఆపేది కాదు.

ఇంకో సంగతి. ఈ నేల ఇలాగే ఉండదు. రామాయపట్నంలో పోర్టు పని మొదలైంది. 2025లో కరేడు రైతులు భూసేకరణ వద్దని రోడ్డెక్కారు. ఉలవపాడు మామిడి తోటలు, సరుగుడు తోపులు, ఉప్పు కయ్యలు, జాలర్లుండే పట్టపుపాలేల్లో ఆరేసిన వలలు, ఇవన్నీ హైవేకు తూర్పున కొద్ది కిలోమీటర్లలోనే ఉన్నాయి. హైవే మీద తొక్కితే మీకు కనిపించేది డివైడర్. దానికి సైకిల్ ఎందుకు, బస్సెక్కండి. నెమ్మదిగా పోతూ ఊరి మనిషితో మాట్లాడగలగడమే సైకిల్ ఇచ్చే లాభం. ఆ లాభాన్ని హైవే మీద వదిలేసుకోమని ఎవరికీ సలహా ఇవ్వలేను.

గాలి కూడా చూసుకోండి. జనవరిలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి. మీరు పోయేది దక్షిణానికి, కాబట్టి మీకు తోడే. అదే నెల్లూరు నుంచి ఒంగోలుకైతే రోజంతా ఎదురుగాలి. ఆ లెక్కన మీ దిక్కు సరిగ్గా కుదిరింది.

తీరం రోడ్లలో కష్టాలు లేవని అనను. రొయ్యల లారీల నుంచి ఐసు నీళ్లు కారుతూ ఉంటాయి, అది ఉప్పు నీళ్లయితే చైన్ తుప్పు పట్టకుండా సాయంత్రం కడిగి నూనె వేయాలి. పోర్టు వైపు టిప్పర్లు తిరుగుతాయి. చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, జనం కూడా క్యాన్ నీళ్లే కొంటారు, సీసాలు ముందే నింపుకోండి. మీ ట్యూబుకు సన్న వాల్వ్ ఉంటే ఊరి పంపు పట్టదు, అడాప్టర్ జేబులో ఉండాలి.

నెల్లూరు (ఇక్కడే తొక్కే అమ్మాయిని):
ఆ కొత్తమ్మాయి గురించి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బంకుల్లో బాత్రూములు ఉంటాయి, సగం తాళాలు వేసి ఉంటాయి. పట్టపుపాలెంలో ఏ ఇంటి ముందు ఆగి "అక్కా, లోపలికి రావచ్చా" అని అడిగినా కాదనరు, మజ్జిగ కూడా ఇస్తారు. ఊళ్లో నాకు ఎప్పుడూ భయం లేదు. భయం ఉండేది ఊరికీ ఊరికీ మధ్య సరుగుడు తోపుల దగ్గర, మధ్యాహ్నం తర్వాత తాగేవాళ్లు చేరే చోట్ల. అక్కడ ఒక్కతే వెనకబడకూడదు. నలుగురూ ఆ అమ్మాయి స్పీడులోనే పోవాలి. హైవేనా తీరమా అన్నది తర్వాత. ముందుకు దూసుకుపోయి టీ కొట్టు దగ్గర ఎదురుచూసే అలవాటు ఉన్న మగపిల్లలతో అయితే తనను రావద్దనే చెప్తాను.

దారి విషయానికి వస్తే, మొత్తం తీరం వెంటే పోవాలన్న పట్టుదల వద్దు. వెలుతురు వచ్చాక ఒంగోలులో బయలుదేరి ఉలవపాడు దాకా హైవే. అక్కడి నుంచి రామాయపట్నం చూసుకుని మళ్లీ హైవే ఎక్కి కావలిలో భోజనం. తుమ్మలపెంట వదిలేయండి. బిట్రగుంట దగ్గర, అదే ఒకప్పుడు బొగ్గు ఇంజన్ల షెడ్డు ఉన్న రైల్వే ఊరు, హైవే దిగి అల్లూరు, విడవలూరు, కోవూరు మీదుగా పెన్నా దాటండి. జనవరిలో ఆ డెల్టా అంతా వరి. కోతలప్పుడైతే ఈ దారి చెప్పేదాన్ని కాదు, రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి మీద సైకిల్ జారుతుంది, రైతు కష్టాన్ని తొక్కినట్టూ ఉంటుంది.

సింగరాయకొండ:
అల్లూరు రోడ్డు వరకు ఒప్పుకుంటాను. రామాయపట్నం మాత్రం ఆ అమ్మాయి ఉలవపాడు చేరేసరికి ఎలా ఉందో చూసి, తనే తేల్చాలి. మీరు ముగ్గురూ కలిసి తేల్చేది కాదు. కావలిలో భోజనం అయ్యేసరికి రెండు దాటితే డెల్టా రోడ్డు కూడా మానుకోండి. కావలి స్టేషన్లో రైళ్లు ఆగుతాయి, లగేజీ వ్యాన్లో సైకిళ్లు వేసుకోవచ్చేమో ముందురోజే పార్శిల్ ఆఫీసులో అడిగి పెట్టుకోండి.

ఒంగోలు రైడర్:
ఈ మెసేజీలన్నీ తనకే చూపించాను. ఉలవపాడులో తనే చెప్తానంది. అల్లూరు దారి ఖాయం. విడవలూరు, కోవూరు మధ్య ఈ మధ్య ఎవరైనా తొక్కారా? రోడ్డు పని ఏమైనా జరుగుతోందా?