ఏడాది ఎక్స్ఛేంజ్‌కి జర్మనీ: మిగిలిన నాలుగు నెలల్లో భాష నేర్చుకోవాలా, క్రెడిట్ల పని చూసుకోవాలా?

కాకినాడ_మెకానికల్: అందరికీ నమస్కారం. బీటెక్ రెండో సంవత్సరం అయిపోవస్తోంది. మూడో సంవత్సరం మొత్తం జర్మనీలో చదవడానికి ఎక్స్ఛేంజ్‌లో సెలెక్ట్ అయ్యాను. అక్టోబరులో క్లాసులు మొదలు. నా సబ్జెక్టులన్నీ ఇంగ్లిష్‌లోనే. జర్మన్‌లో మొదటి మెట్టు అయిన ఏ1 కోర్సు అయినా పూర్తి చేయకుండా వెళ్లొద్దని కొందరు సీనియర్లు అంటున్నారు, అదంతా అనవసరమని మరికొందరు. ఇక్కడ సెమిస్టర్ పరీక్షలు కూడా ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. దేనికి ముందు సమయం పెట్టాలి?

వెళ్లొచ్చిన_సీనియర్: చెల్లీ, భాష తర్వాత సంగతి. ముందు లెర్నింగ్ అగ్రిమెంట్ మీద, అంటే అక్కడ చదివే సబ్జెక్టులను ఇక్కడ లెక్కలోకి తీసుకుంటామనే ఒప్పందం మీద, మన కాలేజీ సంతకాలు పడాలి. అక్కడ సెమిస్టర్‌కి మామూలుగా 30 ఈసీటీఎస్ (యూరప్ కాలేజీల లెక్క) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు. మార్కులు మనకు తలకిందులు: 1.0 అన్నింటికంటే మంచిది, 4.0 వస్తే పాస్, 5.0 ఫెయిల్. అక్కడ వచ్చే 2.3 లాంటి మార్కును మన పది పాయింట్ల స్కేలులోకి ఎలా మారుస్తారో పరీక్షల విభాగం నుంచి కాగితం మీద రాయించుకో. హెచ్ఓడీ నోటిమాటగా "చూద్దాంలే" అంటే ఒప్పుకోవద్దు. తిరిగి వచ్చాక ఒక్క సబ్జెక్టు లెక్కలోకి రాకపోయినా జూనియర్లతో కూర్చుని రాయాలి. ఏ1 సర్టిఫికెట్ ఆ సబ్జెక్టును తెచ్చిపెట్టదు.

స్టుట్‌గార్ట్_అక్క: సంతకాల విషయంలో తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ భాష అనవసరం అంటే మాత్రం ఒప్పుకోను. క్లాసు రోజుకు నాలుగైదు గంటలే కదా, మిగతా రోజంతా జర్మన్‌లోనే నడుస్తుంది.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఇంగ్లిష్ వచ్చినా అధికారిక పని జర్మన్‌లోనే చేస్తారు. ఆ నమోదు అయ్యాక ఉత్తరాలు మొదలవుతాయి. రేడియో, టీవీ రుసుము కట్టమని ఒకటి వస్తుంది: ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేదన్నా కట్టాల్సిందే. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్ అయితే ఒక్కరు కడితే చాలు, ఆ ఒక్కరి రుసుము ఖాతా నంబరు మిగతావాళ్లు రాసి పంపాలి. ఆ ఉత్తరం అర్థం కాక పక్కన పడేసిన పిల్లలకు బకాయి నోటీసులు రావడం ఇక్కడ చూస్తూనే ఉన్నాను. ఇంకోటి, పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. గడువు దాటితే సెమిస్టరంతా క్లాసులకు వెళ్లినా పరీక్ష రాయనివ్వరు. ఆ గడువు చెప్పే మెయిల్ చాలాచోట్ల జర్మన్‌లోనే వస్తుంది.

వెళ్లొచ్చిన_సీనియర్: అక్కా, ఉత్తరాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే క్షణంలో అనువాదం వస్తోంది. ఏ1 చదివినవాళ్లకు మాత్రం ఆ ఆఫీసు భాష అర్థమవుతుందా?

స్టుట్‌గార్ట్_అక్క: అర్థం కాదు. కానీ గడువు ఏ తేదీ, కట్టాల్సింది ఎంత అన్నది కనిపెట్టగలుగుతారు. ఫోన్ అన్నిచోట్లా ఆదుకోదు తమ్ముడూ. జ్వరం వచ్చి డాక్టర్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే అవతల రిసెప్షన్‌లో ఆవిడ వేగంగా జర్మన్ మాట్లాడుతుంది. ఆదివారం షాపులు మూసేస్తారు, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ రోజుల్లో హాస్టల్ వంటగదిలో అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, ఒక్క ముక్క రాని పిల్ల పప్పన్నం గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్లిపోతుంది. నాకు బాధ అక్కడే. ఏడాది జర్మనీలో ఉండి, స్నేహాలన్నీ మనవాళ్లతోనే చేసుకుని వచ్చేస్తే ఎలా?

గుంటూరు_నాన్న: మా అబ్బాయి కూడా ఇదే ఆలోచనలో ఉన్నాడు. డబ్బు లెక్క చూశాను: వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, నెలకు 992 చొప్పున చేతికిస్తారు. అందులోంచే ఆరోగ్య బీమా, గది అద్దె. అది ఎలాగో సర్దుకుంటాం. నా భయం వేరే. అక్కడ రెండో సెమిస్టర్ క్లాసులు జులై మధ్యదాకా, పరీక్షలు ఆ తర్వాత. ఇక్కడేమో నాలుగో ఏడాది మొదట్లోనే ప్లేస్‌మెంట్లు. మొదటి కంపెనీలు వచ్చేసరికి పిల్లవాడు అక్కడ పరీక్ష హాల్లో ఉంటే ఎలా? భాషా, క్రెడిట్లా అంటున్నారు గానీ దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

వెళ్లొచ్చిన_సీనియర్: అంకుల్, మంచి ప్రశ్న. ఆన్‌లైన్‌లో టెస్టు, ఇంటర్వ్యూ ఇవ్వడానికి అనుమతిస్తామని ప్లేస్‌మెంట్ సెల్ నుంచి వెళ్లేముందే మెయిల్ తీసుకోవాలి. ఇదీ సంతకాల జాబితాలో చేరాల్సిందే.

కాకినాడ_మెకానికల్: అందరికీ చాలా థాంక్స్. సంతకాలు అయ్యేదాకా వేరే పని పెట్టుకోను, సోమవారమే హెచ్ఓడీ గారిని కలుస్తాను. పరీక్షలు అవగానే ఏ1 ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరతాను. సర్టిఫికెట్ కోసం కాదు, వంటగదిలో నలుగురితో మాట్లాడటానికి. అక్కా, ప్లేస్‌మెంట్లకు అందుకునేలా అక్కడ పరీక్ష కాస్త త్వరగా పెట్టమని అడగొచ్చా?

స్టుట్‌గార్ట్_అక్క: రాత పరీక్ష తేదీ ఒక్కరి కోసం మార్చడం కష్టం అమ్మా. కానీ తక్కువమంది ఉండే సబ్జెక్టుల్లో చాలావరకు మౌఖిక పరీక్షే ఉంటుంది, ఆ తేదీ ప్రొఫెసర్‌తో మాట్లాడి ఖాయం చేసుకోవచ్చు. రెండో సెమిస్టర్‌కి అలాంటివి వీలైనన్ని ఎంచుకో. ఏప్రిల్‌లో మొదటి క్లాసు అయిపోగానే వెళ్లి అడుగు. గుంటూరు అన్నయ్యగారూ, మీ అబ్బాయికీ ఇదే చెప్పండి.