బతుకమ్మ పాట మిక్స్: పుల్టెక్, నీవ్ తరహా ఈక్యూలు ఎక్కడ పెట్టాలె, ఎంత తిప్పాలె?

నల్గొండ మిక్స్ 27:
అన్నలకు నమస్తే. బతుకమ్మ పాట మిక్స్ చేస్తున్న. రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్)ల 44.1 కిలోహెర్ట్జ్ సెషన్. ఆడగొంతు లీడ్ ఒకటి, కోరస్ ట్రాకులు ఎనిమిది, రెండు మైకులతోని ఢోలక్, డప్పు, చప్పట్లు, కింద సింథ్ బేస్. లీడ్ మీద నీవ్ 1073 తరహా ఈక్యూ ప్లగిన్ (శబ్దంల కింది, నడిమి, పై భాగాలను పెంచి తగ్గించే పాత మిషన్‌కు సాఫ్ట్‌వేర్ నకలు) పెట్టి 12 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ (ఒక పక్కనున్నదంతా కలిపి పెంచే, తగ్గించే మీట) 5 డిబి లేపిన. గొంతు తేటపడ్డది గానీ "స", "శ" వచ్చిన కాడల్లా చెవుల గుచ్చుతున్నది. ఢోలక్ మీద పుల్టెక్ తరహా ఈక్యూ పెట్టి 30 హెర్ట్జ్ పెంచిన. ఫోన్‌ల ఏం తేడా లేదు, డీజే బాక్సుల మీదనేమో గుబ్బుమని మిగతా అంతా మింగేస్తున్నది. పుల్టెక్‌ల బూస్ట్ (పెంచేది), అటెన్ (తగ్గించేది) రెండూ ఒకేసారి తిప్పమంటరు కదా, ఇది పెంచి అది తగ్గిస్తే చెల్లుకు చెల్లు అయిపోదా?

పాలమూరు లో ఎండ్:
తమ్మీ, చెల్లు కాదు. పుల్టెక్ ఈక్యూపీ-1ఏ మోడల్‌ల బూస్ట్‌కు ఒక దారి, అటెన్‌కు వేరే దారి. రెండూ షెల్ఫులే, కానీ ఒకదాని వంపు మీద ఇంకోటి సరిగ్గ కూర్చోదు. తగ్గించే వంపు ఇంకొంచెం పైదాక పాకుతది. అందుకే అడుగున పెంపు మిగులుతది, దానికి పైన 200–300 చుట్టుపక్కల ఒక గుంత పడతది. నువ్వు గుబ్బు అంటున్నది ఉండే చోటు అదే. గుంత కచ్చితంగ ఎక్కడ పడతదో ఒక్కో ప్లగిన్‌ల ఒక్కో తీరు, పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలున్న పరీక్ష చప్పుడు) ప్లగిన్‌లకెళ్లి పంపి ఎనలైజర్‌ల చూసుకో.

నాబ్ మీది 0–10 అంకెలను డెసిబెల్స్ అనుకోకు. అసలు మిషన్‌ల బూస్ట్ నిండా తిప్పితే 13.5 డిబి దాక, అటెన్ 17.5 డిబి దాక పోతది. కాబట్టి 3 అంటే తక్కువేం కాదు.

ఢోలక్ ఎడమ వైపు మైకుకు పుల్టెక్ సెలెక్టర్ 60 హెర్ట్జ్ మీద పెట్టు. ముందు అటెన్ 3 దాక తిప్పి గుబ్బు పోయిందాక విను, తర్వాత బూస్ట్ 2 నుంచి 3 మధ్యల ఆపు. 30 వద్దు. ఊర్లల్ల వాడే 18 అంగుళాల బాక్సులు చాలావరకు 35–40 హెర్ట్జ్ కిందికి గట్టిగ దిగవు. అక్కడ పెంచింది వినపడదు, ఆంప్లిఫయర్ బలాన్ని మాత్రం తినేస్తది. ఫోన్ స్పీకర్‌కైతే 60 కూడా అందదు. ఫోన్‌ల ఢోలక్ కనపడాలంటే కుడి వైపు మైకు మీద 1073ల 1.6 లేదా 3.2 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డిబి ఇయ్యి. ఇంకో మాట, సింథ్ బేస్‌కు కూడా ఇదే 60 పెంపు పెట్టినవనుకో, రెండూ కొట్టుకుంటయి. ఒకదానికే ఇయ్యి.

దేవరకొండ ఫేడర్:
గుచ్చుడుకు సగం కారణం షెల్ఫ్, సగం లెవెల్.

1073ల 12 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ 12 కాడ మొదలు కాదు. వంపు చాలా మెల్లగ లేస్తది, 5–6 కిలోహెర్ట్జ్ నుంచే పెంపు తెలుస్తది. "స", "శ" శబ్దాలు ఉండేది ఆ మధ్యలనే. షెల్ఫ్‌ను 2–2.5 డిబికి దించి, ఈక్యూ కంటే ముందు డీఎస్సర్ ("స"ల గుచ్చుడును తగ్గించే ప్లగిన్) పెట్టండ్రి. తర్వాత పెడితే సాచురేషన్ (పాత మిషన్ల తీరు ప్లగిన్ కలిపే మెత్తటి డిస్టార్షన్) అప్పటికే "స"ను అరగదీసి ఉంటది, డీఎస్సర్‌కు పట్టు దొరకదు. మిడ్ 360 దగ్గర 2 డిబి తగ్గిస్తే షెల్ఫ్ తక్కువున్నా గొంతు తేటగనే ఉంటది. హై పాస్ (కింది శబ్దాన్ని కోసేది) 80 చాలు. దాని తర్వాతి మెట్టు 160, అక్కడికి పోతే కింది స్వరాలల్ల గొంతు పలచబడతది.

ఇగ లెవెల్. ఈ తరహా ప్లగిన్లు చాలావరకు –18 డిబిఎఫ్‌ఎస్ (డిజిటల్ లెవెల్ కొలత)ను 0 వియు (పాత ముల్లు మీటర్ కొలత)గ లెక్కపెడతయి. గొంతు సగటున ఆడికి వచ్చేటట్టు క్లిప్ గెయిన్ (రికార్డింగ్ ముక్క లెవెల్) ముందే సరిచెయ్యాలె. –8 కాడ పంపితే మీరు వింటున్నది ఈక్యూ కాదు, డిస్టార్షన్. డప్పుకు మాత్రం వియు ముల్లును నమ్మొద్దు. ఆ ముల్లు లేవడానికి సుమారు 300 మిల్లీసెకన్లు పడతది, సిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బ అంతకంటే ఎంతో ముందే అయిపోతది. డప్పుకు పీక్ మీటర్ చూసి –10 దగ్గర ఆపండ్రి. అవుట్‌పుట్ కూడా బైపాస్‌తో (ప్లగిన్ ఆపినప్పటి లెవెల్‌తో) సమానం చేసి వినాలె, లేకుంటే 1 డిబి ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తది.

మిర్యాలగూడ 44.1:
ఇంకో రెండు విషయాలు. సాచురేషన్ ఉన్న ప్లగిన్‌ను 44.1లో ఓవర్‌సాంప్లింగ్ (ప్లగిన్ లోపల ఇంకా ఎక్కువ రేటుతో లెక్కించడం) లేకుండా నడిపితే చప్పట్లు, "స"లు గరగరమంటాయి. లెక్క చూడండి: 8 కిలోహెర్ట్జ్ శబ్దానికి ఐదో హార్మోనిక్ (ఐదు రెట్ల ఫ్రీక్వెన్సీ) 40. సెషన్ హద్దు 22.05 (44.1లో సగం) కాబట్టి అది మడతపడి 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర తేలుతుంది. పాటతో ఏ సంబంధం లేని స్వరం, చెవి బాగా పట్టుకునే చోట వస్తుంది. 4 రెట్లు పెడితే 40 మడతపడదు. ప్లగిన్‌లో ఆ మీట లేకపోతే రీపర్‌లో ఎఫ్‌ఎక్స్ మీద రైట్ క్లిక్ చేసి ఆ ఒక్క ప్లగిన్‌కే పెట్టుకోవచ్చు. లీడ్‌కు, చప్పట్లకు చాలు, అన్నిటికీ పెడితే సీపీయూ మీద భారం.

రెండోది, కొన్ని ప్లగిన్లలో "అనలాగ్" అనే మీట ఆన్‌లోనే వస్తుంది. అది హిస్ (బుస్సుమనే చప్పుడు), హమ్ (కరెంటు గుయ్యిమనే చప్పుడు) కలుపుతుంది. ఎనిమిది కోరస్ ట్రాకుల హిస్ కలిస్తే ఒక ట్రాకు కంటే 9 డిబి ఎక్కువ. "ఉయ్యాలో" తర్వాత వచ్చే ఖాళీలో ఇది బయటపడుతుంది. ఆపేయండి. కోరస్‌కు ట్రాకుకొకటి కాకుండా బస్ (ఆ ట్రాకులన్నీ కలిసే ట్రాకు) మీద ఒక్క ఈక్యూ పెట్టండి.

నల్గొండ మిక్స్ 27:
మస్తు తేడా ఉన్నది అన్నా, గుబ్బు పోయింది, "స" కూడ మెత్తబడ్డది. డప్పు ఒక్కటే మిగిలింది. డూప్లికేట్ ట్రాక్ చేసి దానికి 1073ల 80 హై పాస్, 3.2 పెంపు పెట్టి అసలు ట్రాకుతోని కలిపిన. దెబ్బ వినపడుతున్నది గానీ కింద బలం తగ్గింది. అసలు ట్రాకును ముట్టుకోలేదు కదా, ఎట్ల తగ్గుతది?

పాలమూరు లో ఎండ్:
ఆ హై పాస్ వల్లనే. అది ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారి) 18 డిబి వాలు. 80 హెర్ట్జ్ కాడ ఫేజ్ (అల ముందు వెనకల స్థానం) దగ్గరదగ్గర 135 డిగ్రీలు తిరిగిపోతది. రెండు ట్రాకులు సమానంగ కలిపితే పైన 6 డిబి లేస్తది, 80 కాడనేమో ఉత్త అసలు ట్రాకు కంటే 3 డిబి పడిపోతది. పోలారిటీ తిప్పితే (అలను తలకిందులు చేస్తే) నయం కాదు, అప్పుడు పైనంతా కొట్టుకపోతది.

డూప్లికేట్ తీసెయ్యి. ఒకే ట్రాక్ మీద 3.2 కాడ 3 డిబి ఇయ్యి. ఇంకా దెబ్బ కావాల్నంటే డూప్లికేట్‌ను ఉంచి దాంట్ల హై పాస్ ఆపి, సాచురేషన్ ఒక్కటే ఉంచి, 10 డిబి కింద కలుపు. అప్పుడు సిటికెన పుల్ల చప్పుడు మీదికి వస్తది, తోలు మోత ఉన్న కాడనే ఉంటది.