నాన్నగారు షిప్‌యార్డ్ మనిషి, విలియమ్స్‌టౌన్‌లో ఆయనకి ఏం చూపించాలి?

గాంధీగ్రామ్ అమ్మాయి:

అందరికీ నమస్తే. మేం మెల్బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో ఉంటాం. వైజాగ్ నుంచి అమ్మా నాన్నగారూ మూడు నెలలకని వచ్చారు, అప్పుడే ఒక నెల అయిపోయింది. అమ్మకి పర్వాలేదు. మనవరాలుంది, గుడి ఉంది, వీధి చివర మాట్లాడుకోడానికి ఇంకో ఇద్దరు అమ్మమ్మలు దొరికారు. నాన్నగారితోనే చిక్కు. ముప్పై నాలుగేళ్లు హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. గ్రేట్ ఓషన్ రోడ్డుకి తీసుకెళ్తే కార్లో నిద్రపోయారు. పెంగ్విన్లు చూపిస్తే "బాతు పిల్లల్లా ఉన్నాయి, పద" అన్నారు.

మొన్న ఆదివారం విలియమ్స్‌టౌన్ వెళ్లాం. నెల్సన్ ప్లేస్‌లో ఐస్‌క్రీం తిని ఫోటోలు దిగి వచ్చేద్దామనుకుంటే ఆయన కదల్లేదు. జెమ్ పియర్ దగ్గర ఆగి ఉన్న బూడిద రంగు ఓడ చూసి "ఇది ఎక్కడ కట్టారు?" అన్నారు. "ఆ ఫెన్సింగు వెనకాల క్రేన్లున్నాయే, అది యార్డే కదా, మరి చప్పుడు లేదేం?" అన్నారు. తిరిగొస్తుంటే సముద్రపొడ్డున నల్లరాతి బురుజొకటి కనిపించింది, దాని నెత్తిన కొయ్య, కొయ్యకో బంతి. "అదేంటి?" అన్నారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఎనిమిదేళ్లుగా పావుగంట దూరంలో ఉంటున్నాను, సిగ్గేసింది.

ఆ ఊరి కథ తెలిసిన వాళ్లెవరైనా చెప్తారా? శనివారం మళ్లీ తీసుకెళ్తాను. ఇంగ్లీషు బోర్డులు చదవమంటే ఆయనకి విసుగు, అంతా నేనే చెప్పాలి.

న్యూపోర్ట్ పిన్ని:

అమ్మాయ్, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. మా ఇంటికి ఎవరొచ్చినా విల్లీ తీసుకెళ్తాను (ఇక్కడివాళ్లు విలియమ్స్‌టౌన్‌ని అలాగే అంటారు). అందరూ "పిన్నీ, కాఫీ ఎక్కడ బావుంటుంది" అనే అడిగారు కానీ, యార్డులో చప్పుడు లేదేం అని అడిగినవాళ్లు మీ నాన్నగారొక్కరే.

మేం 1996లో న్యూపోర్ట్ వచ్చాం. మా ఆయన ఆ ఫెన్సింగు వెనకాలే కాంట్రాక్టు మీద పెయింటింగ్ పని చేసేవారు. అప్పుడక్కడ యాంజాక్ ఫ్రిగేట్లు, అంటే యుద్ధనౌకలు, కడుతున్నారు. మొత్తం పది, ఎనిమిది ఆస్ట్రేలియాకి, రెండు న్యూజిలాండ్‌కి. సాయంత్రం షిఫ్టు వదిలితే నెల్సన్ ప్లేస్ అంతా బూట్ల చప్పుడే. ఇంటికొచ్చాక ఆయన చెవుల వెనకాల కూడా బూడిద రంగే ఉండేది, కొబ్బరినూనె రాసి తుడిచేదాన్ని. ఆఖరికి వచ్చినవి రెండు పెద్ద నౌకలు, కాన్‌బెర్రా, అడిలైడ్. వాటి హల్, అంటే ఓడ కింది కాయం, స్పెయిన్‌లో కట్టి, ఇంకో పెద్ద ఓడ మీదెక్కించి ఇక్కడికి తెచ్చారు. పై భాగం ఇక్కడ బిగించారు. ఓడ మీద ఓడ రావడం చూడటానికి ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. అడిలైడ్ 2015లో నేవీకి వెళ్లిపోయింది. ఆ తరవాత కొత్త ఓడ కట్టే పని రాలేదు. అందుకే చప్పుడు లేదు.

ఇక బంతి. ఆ బురుజు 1849లో కట్టిన లైట్‌హౌస్, ఆ రాయిని ఇక్కడ బ్లూస్టోన్ అంటారు, మన నల్లరాయే. సముద్రం మీద ఎక్కడున్నామో తెలియాలంటే గడియారం సరిగ్గా నడవాలి. గడియారం నాలుగు సెకన్లు తప్పిందంటే భూమధ్యరేఖ దగ్గర ఓడ లెక్క ఒక నాటికల్ మైలు తప్పుతుంది. నెలల తరబడి ప్రయాణం చేసొచ్చిన ఓడలో గడియారం ఎంత తప్పి ఉంటుందో ఊహించుకో. అందుకని 1853లో రాబర్ట్ ఎలరీ అనే ఆయన ఇక్కడ చిన్న అబ్జర్వేటరీ పెట్టాడు. రాత్రి నక్షత్రాలు చూసి సమయం లెక్క కట్టడం, మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకి కొయ్య మీంచి బంతిని జారవిడవడం. రేవులో ఉన్న కెప్టెన్లందరూ దుర్భిణీలు పట్టుకుని, బంతి కదిలిన క్షణంలో తమ గడియారం ఎంత తేడా ఉందో రాసుకునేవారు. 1861లో ఆ బంతిని ఈ బురుజు మీదకి మార్చారు. రేడియో వచ్చేదాకా, అంటే 1926 దాకా పడుతూనే ఉంది. 1934లో పైన ఇటుకలతో ఇంకో అంతస్తు లేపి మళ్లీ దీపం పెట్టారు కానీ, తరవాత దాన్ని తీసేసి పాత రూపానికి తెచ్చారు. నన్నడిగితే మంచి పని చేశారు. నేను ఫోటోల్లో చూశాను, మనిషి నెత్తిన కుండ బోర్లించినట్టుండేది.

ఆ బురుజు దగ్గర నిలబడి సముద్రం కేసి చూసేటప్పుడు మీ నాన్నగారికి ఇంకోటి చెప్పు. 1851లో విక్టోరియాలో బంగారం పడింది. ఓడ లంగరు వెయ్యగానే నావికులు దూకి బంగారం గనులకి పారిపోయేవారు. రేవంతా మనుషుల్లేని ఓడలు. ఊళ్లో దొంగతనాలు పెరిగి జైళ్లు చాల్లేదు. దాంతో సర్కారు ఆ ఖాళీ ఓడలే కొని జైళ్లు చేసింది. ప్రెసిడెంట్, సక్సెస్, శాక్రమెంటో అని పేర్లు. పగలు ఖైదీలని ఒడ్డుకి తెచ్చి సంకెళ్లతోనే రాళ్లు కొట్టించేవారు. జైళ్ల పెద్ద జాన్ ప్రైస్ మహా కర్కోటకుడు. 1857 మార్చిలో ఇక్కడ పాయింట్ గెలిబ్రాండ్ క్వారీ దగ్గరికి, ఖైదీల ఫిర్యాదులు వింటానని వచ్చాడు. వాళ్లు రాళ్లతో, పారలతో మీద పడ్డారు. మర్నాడు చచ్చిపోయాడు. ఏడుగురిని ఉరి తీశారు. ఇప్పుడక్కడ గడ్డి, కుక్కల్ని తిప్పుకునేవాళ్లు, గాలిపటాలు. పిల్లలెక్కి ఆడుకునే ఆ రాళ్లు చూసినప్పుడల్లా ఎవరు కొట్టారో అనుకుంటాను.

డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే గొయ్యి) ఒకటుంది, ఆల్ఫ్రెడ్ గ్రేవింగ్ డాక్, 1874లో తెరిచారు, అదీ నల్లరాతిదే. యార్డు లోపల ఉంటుంది కాబట్టి దగ్గరికెళ్లడం కుదరదు. అదొక్కటే నా కంప్లైంట్. మా ఆయన గేటు లోపలికెళ్లే రోజుల్లో కూడా నేను అన్నం డబ్బా బయటే ఇచ్చి వచ్చేసేదాన్ని.

ఆ బూడిద రంగు ఓడ సంగతి ఆఖర్న ఉంచాను. దాని పేరు కాసిల్‌మెయిన్. 1941లో ఈ యార్డులోనే జలప్రవేశం చేసింది. బాథర్స్ట్ రకం కార్వెట్, అంటే చిన్న యుద్ధనౌక, అలాంటివి యుద్ధంలో మొత్తం అరవై కట్టారు. అందులో నాలుగు అప్పటి రాయల్ ఇండియన్ నేవీవి: బెంగాల్, బాంబే, మద్రాస్, పంజాబ్. ఆ నాలుగూ సిడ్నీలో కట్టారు. అంటే మీ నాన్నగారు చూసింది మన 'మద్రాస్'కి అక్కచెల్లెల్లాంటి ఓడ. బెంగాల్ కథ ఆయనకి తప్పకుండా చెప్పు. 1942 నవంబరులో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికొస్తుంటే, కోకోస్ దీవుల దగ్గర రెండు జపాను నౌకలు అడ్డుపడ్డాయి. అవి ఒక్కొక్కటీ పదివేల టన్నుల పైమాట, ఇది వాటి ముందు చాలా చిన్నది. పక్కనున్న డచ్చి ఆయిలు ట్యాంకర్‌తో కలిసి ఒకదాన్ని ముంచేసి, రెండూ ప్రాణాలతో బయటపడ్డాయి.

కాసిల్‌మెయిన్‌లో ఇంజన్ రూమ్‌లోకి దిగనిస్తారు. శని, ఆదివారాలు వాలంటీర్లు ఉంటారు, అందరూ పెద్దవాళ్లే. నిచ్చెన నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులుంటే చూసుకోమను.

ట్రుగనీనా తమ్ముడు:

పిన్ని, మస్తు చెప్పినవ్. అక్కా, నాదొక చిన్న మాట. శనివారం నెల్సన్ ప్లేస్ల పార్కింగ్ దొరకదు, గంట తిరుగుతవ్. విలియమ్స్ ల్యాండింగ్ల కారు పెట్టి సిటీ దిక్కు ట్రైన్ ఎక్కున్రి, న్యూపోర్ట్ల దిగి విలియమ్స్‌టౌన్ ట్రైన్ పట్టున్రి. మూడో స్టేషనే ఆఖరుది. ఆడికెల్లి నడిస్తె బురుజు దూరం గాదు.

ఇంకోటి. బీచ్ దాటినంక జాబోన్ అని ఒక జాగ ఉంటది, మడ చెట్లు, రాళ్లు, పిట్టలు. మా బాపు వచ్చినప్పుడు ఆడికి వోయినం. ఆయన ఊరుకుంటడా? ప్యాంటు మడిచి రాళ్ల సందుల చెయ్యి పెట్టి పీతలు పట్టుడు షురూ చేసిండు. ఆఫీసర్ వచ్చిండు. అది సముద్ర జీవుల అభయారణ్యమట, 2002ల చేసిన్రు, పురుగును గూడ ముట్టద్దు. అక్కడనే గాదు, ఈ బే పొంటి ఒడ్డున ఏడ గూడ గుల్లలు, నత్తలు ఏరద్దు. ఫైన్ ఎంతనో చెప్ప, నా పెండ్లాం ఈ గ్రూపుల ఉంది.

న్యూపోర్ట్ పిన్ని:

హహ్హ, తమ్ముడూ, ఆ జాబోన్ ఎలా మిగిలిందో తెలుసా? అది పాత తుపాకుల ప్రాక్టీసు మైదానం. దశాబ్దాలపాటు కంచె వేసి జనాన్ని రానివ్వలేదు. తూటాలకి భయపడి ఎవరూ ఇళ్లు కట్టలేదు, మడచెట్లు మాత్రం హాయిగా పెరిగాయి.

వెర్రిబీ మాస్టారు:

పిన్నిగారి వివరాలకి కొంచెం ముందూ వెనకా చేరుస్తాను. కథ 1849 నుంచో బంగారం నుంచో మొదలుపెడితే అంతకుముందు అక్కడ ఎవరూ లేనట్టుంటుంది. ఆ నేల బునురాంగ్ ప్రజల్లో యలుకిత్-విల్లమ్ వంశంవారిది. ఇంగ్లీషువాళ్లు 1835లో వచ్చారు. 1837 మార్చిలో గవర్నరు రిచర్డ్ బర్క్ వచ్చి నది లోపలి ఊరికి మెల్బోర్న్ అనీ, నదీముఖాన ఉన్నదానికి రాజు నాలుగో విలియమ్ పేరనీ పెట్టాడు. ఆ రాజు జూన్‌లో పోయాడు. ఊళ్లోవాళ్లకి ఆ కబురు ఓడ మీద చేరడానికి ఇంకో కొన్ని నెలలు. అంటే కొన్నాళ్లు లేని రాజు పేరు మీదే ఊరు నడిచిందన్నమాట. రేవు ఇంత బాగుండి కూడా ఇది రాజధాని ఎందుకు కాలేదంటే, ముఖ్య కారణం, మంచినీళ్లు లేవు.

షిప్‌యార్డ్ మనిషికి నచ్చే కథ ఇంకోటి. 1865 జనవరిలో అమెరికా అంతర్యుద్ధంలోని దక్షిణాది పక్షపు ఓడ షెనండోవా మరమ్మత్తుకని వచ్చి ఇక్కడి స్లిప్‌వే (ఓడని ఒడ్డుకి లాగే వాలుదారి) ఎక్కింది. బ్రిటిషువాళ్లు తటస్థులం అంటూనే ఊరుకున్నారు. ఊళ్లో విందులు, డాన్సులు. వెళ్లేటప్పుడు నలభై రెండు మంది చాటుగా ఎక్కి అందులో చేరిపోయారు. ఆ ఓడ వెళ్లి ఆర్కిటిక్‌లో తిమింగలాల వేట ఓడల్ని తగలబెట్టింది, అదీ యుద్ధం అయిపోయాక, సంగతి తెలియక. 1872లో జెనీవా తీర్పులో ఇలాంటి ఓడలన్నిటికీ కలిపి బ్రిటన్ అమెరికాకి కోటీ యాభై ఐదు లక్షల డాలర్లు కట్టింది.

తిరుగుదారిలో కారైతే స్పాట్స్‌వుడ్‌లో వెస్ట్ గేట్ వంతెన కింద ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. 1970 అక్టోబరు 15న, కడుతుండగానే ఒక స్పాన్ కూలి ముప్పై అయిదు మంది పనివాళ్లు పోయారు. మనం రోజూ ఆ వంతెన మీద ట్రాఫిక్ అని తిట్టుకుంటూ పోతాం.

న్యూపోర్ట్ పిన్ని:

మాస్టారూ, మొదటి మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. వంతెన 1978లో గానీ తెరుచుకోలేదు. మా పక్కింటి ముసలావిడ చెప్పేది, అంతకుముందు ఈ వైపు వాళ్లంటే సిటీవాళ్లకి చులకనట, ఫ్యాక్టరీల పొగ, డాకుల మనుషులు అని. ఇప్పుడు అదే డాకు పనివాళ్ల చిన్న చెక్క ఇళ్లు కొనాలంటే డాక్టర్లకే దడ. మేం అద్దెకున్న ఇంటిని మాకే అమ్ముతానన్నాడు ఓనరు, 1999లో. మా ఆయన "ఈ తుప్పు గాలికి గోడలు నిలవవు" అన్నారు. గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. వద్దులే ఆ కథ.

గాంధీగ్రామ్ అమ్మాయి:

అందరికీ థాంక్స్. శనివారం వెళ్లొచ్చాం, ట్రైన్లోనే.

బురుజు దగ్గర పిన్నిగారి లెక్క చెప్పాను, నాలుగు సెకన్లకి ఒక మైలని. నాన్నగారు చేతి గడియారం చూసుకుని, నా ఫోన్‌తో సరిచూసి "రెండు నిమిషాలు తేడా, ముప్పై మైళ్లు" అన్నారు. రాళ్లు కొట్టిన ఖైదీల సంగతి చెప్తే ఏమీ అనలేదు. రాతి గోడ మీద అరచెయ్యి పెట్టి అతుకు దగ్గర గోటితో గీకి చూశారు.

తరవాత కాసిల్‌మెయిన్. బెంగాల్ కథ నేను మొదలుపెట్టేలోపే ఆయన ఇంజన్ రూమ్‌లోకి దిగిపోయారు. కింద ఎనభై దాటిన ఒక వాలంటీరు తాతగారున్నారు. మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. నేను అనువాదం చెయ్యబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. పిస్టన్ చూపించడం, వేళ్లు మూడు ఎత్తడం, "స్టీమ్, స్టీమ్" అనడం, తల ఊపడం. గంటంపావు. ఒకచోట నాన్నగారు ఏదో వాల్వు చూపించి తల అడ్డంగా ఊపారు, తిరగేసి బిగించారట. ఆ తాతగారు పగలబడి నవ్వి పుస్తకంలో రాసుకున్నారు. పైకొచ్చాక నాన్నగారు జలఉష గురించి చెప్పడం మొదలుపెట్టారు, 1948లో నెహ్రూగారొచ్చి మన వైజాగ్‌లో వదిలిన ఓడ. వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, ఆ రోజు జనంలో ఉన్నారట. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇవాళ ఆదివారం, నాకు హాస్పిటల్లో డ్యూటీ. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని "న్యూపోర్ట్‌లో మారాలి, అంతేగా?" అన్నారు. మైకీ కార్డు (ట్రైన్ టిక్కెట్టు కార్డు) ఇచ్చేశాను. పదింటికి బయల్దేరారు. ఇప్పుడు టైం మూడున్నర, ఫోన్ ఎత్తడం లేదు. న్యూపోర్ట్ పిన్నిగారూ, మీరు అటు వెళ్తే కాస్త ఆ ఓడ దగ్గర చూస్తారా? తెల్ల చొక్కా, జేబులో టేపు ఉంటుంది.