ఇంజిన్ లైఫ్ కంపెనీదా, వాడినవాడిదా?

గోదారిగట్టు: సెకండ్‌హ్యాండ్‌లో రెండు డీజిల్ బండ్లు చూశాను. 2012 టొయోటా ఇన్నోవా 2.5, మీటరు 2.6 లక్షల కిలోమీటర్లు. 2014 స్విఫ్ట్, 1.1 లక్షల కిలోమీటర్లు. స్విఫ్ట్ చవక. మా బాబాయి మాత్రం అప్పు చేసైనా ఇన్నోవాయే కొనమంటున్నాడు. టొయోటా ఇంజిన్‌కి చావు లేదట. నిజమేనా?

హైవేరాజు: కళ్ళు మూసుకుని ఇన్నోవా కొనేయ్. తిరుపతి రూట్లో ట్యాక్సీవాళ్లను అడుగు, నాలుగు లక్షలు దాటినా ఇంజిన్ విప్పలేదంటారు.

షెడ్డుమనిషి: రాజు గారూ, మీకు కనిపించేవి బతికున్న బండ్లే. ఇంజిన్ అరిగిపోయి స్క్రాపుకి పోయినవి తిరుపతి రూట్లో ఎందుకుంటాయి? పైగా ట్యాక్సీ పొద్దున స్టార్ట్ చేస్తే రాత్రిదాకా వేడి మీదే నడుస్తుంది. ఇంజిన్ బాగా అరిగేది చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ ఇంకా అన్నిచోట్లకీ చేరకముందు. రోజూ స్కూలుకీ కూరగాయలకీ తిరిగి లక్ష చేసిన బండీ, హైవే మీద లక్ష చేసిన బండీ ఒకటి కావు.

ఇక కంపెనీ పేరంటారా, 2010 ప్రాంతంలో మా షెడ్డు ముందు మారుతి స్విఫ్ట్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో ఓనర్లు ఎవరి డీజిల్ ఇంజిన్ గొప్పదో గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. మూడింట్లోనూ ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజినే!

మొన్నొక బండి వచ్చింది, కంపెనీ పేరు చెప్పను. ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరుబావి నీళ్లు పోశారు. రేడియేటర్ పూడిపోయి, ఓవర్‌హీట్ అయ్యి, ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయింది. ఓనరు తిట్టేది కంపెనీని.

హైవేరాజు: అంటే రెండూ ఒకటేనా? ఒప్పుకోను. ఇన్నోవా 2494 సీసీతో ఇచ్చేది 102 హార్స్‌పవర్. స్విఫ్ట్ 1248 సీసీతో 75. వెయ్యి సీసీకి లెక్కేస్తే ఇన్నోవాకి 41, స్విఫ్ట్‌కి 60. ఏ ఎద్దు ముందు అలసిపోతుంది?

బైపాస్‌బాబు: ఆ ఎద్దు లాగే బండి 1,600 కిలోల పైమాటే గురూ. స్విఫ్ట్ 1,100 లోపే.

షెడ్డుమనిషి: హహ, అదీ నిజమే. అయినా రాజు గారి లెక్క ఒప్పుకుంటాను. ఆ ఇన్నోవా ఇంజిన్ని తీరిగ్గా నడిచేలా ట్యూన్ చేశారు. కానీ తమ్ముడూ, దాంట్లో వాల్వుల్ని వేళకి తెరిచి మూయించేది టైమింగ్ బెల్టు. లక్షన్నర కిలోమీటర్లకి మార్చాలి. నడుస్తుండగా తెగితే వాల్వులు వంగుతాయి. నువ్వు చూసింది 2.6 లక్షలు తిరిగింది కాబట్టి బెల్టు మార్చిన బిల్లు అడుగు. స్విఫ్ట్‌లో బెల్టు బదులు చైన్, ఆ గొడవ లేదు. ఆయిల్ మాత్రం వేళకి మార్చి ఉండాలి.

గోదారిగట్టు: అడిగానన్నా. బిల్లు లేదంటున్నాడు. బండి ఢిల్లీ నంబరు కూడా.

షెడ్డుమనిషి: అదీ సంగతి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకి అక్కడ ఆంక్షలు పెట్టారు, అందుకే చాలా బండ్లు ఇటు తోలేశారు. అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న ఆర్టీవో పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, 2027లో రిజిస్ట్రేషన్ రెన్యువల్, కొత్త బెల్టు, అన్నీ ధరలో కలిపి చూడు. ఇంకా మనసు దానిమీదే ఉంటే పొద్దున్నే వెళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే, చల్ల ఇంజిన్ స్టార్టింగ్‌లో పడే ఇబ్బంది నీకు కనిపించకుండా నువ్వు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం.

గోదారిగట్టు: రేపు ఆరింటికే వెళ్తా. బాబాయి చెయ్యే పెట్టిస్తా.